విలువిద్యలో తొలిపాఠము

విలువిద్య యనగానే మన బాలురకు లక్ష్యమే స్ఫురించును. బాణము గురిని తాకినదా, తప్పినదా యనుటయే వారి ప్రశ్న. కాని చేయి విడిచిన బాణమును మరలించుట యెవరికిని శక్యము కాదు. దాని గతి చాలవరకు వింటినారిపై వ్రేళ్లు కుదురుకొను తీరును బట్టి యుండును. కావున విలువిద్య నేర్పువారు మొదట నారిపై చేతి కుదురును నేర్పి, అది స్థిరపడిన పిమ్మటనే లక్ష్యమును చూపవలెనని నా యభిప్రాయము.

ఈ క్రమమును నిష్ఠతో పాటించు దేశము జపాను. అచటి విలువిద్యకు ‘క్యూదో’ యని పేరు. ‘వింటి మార్గము’ అని దాని యర్థము. విల్లు ఏడడుగులకు మించిన పొడవు గలది. కుడిచేతికి ‘యుగకే’ యను జింకతోలు తొడుగును ధరింతురు. ఆ తొడుగునందు బొటనవ్రేలి భాగము గట్టిగా నుండును. వ్రేలి మొదట నారి నిలుచుటకు చిన్న గాడి కలదు. శిష్యుడు నారిని ఆ గాడియందు బొటనవ్రేలికి అడ్డముగా నిలిపి, వ్రేలిని ముడువక చాచి, దానిపై నడిమివ్రేలిని తేలికగా ఆనించును. చూపుడువ్రేలు నడిమివ్రేలి సరసను చేరును. పిదప ముంజేతిని లోపలికి కొంచెము మెలిత్రిప్పును. ఆ మెలిక వలన, వింటికి కుడిప్రక్కనున్న బాణము వింటిని అంటుకొని జారకుండును. మణికట్టు వంగరాదు. వ్రేళ్లతో నారిని పిడికిలించి లాగరాదు. లాగెడి పని మోచేతిదియు, వెన్నుదియు. ఈ యమరికకు ‘తోరికకే’ యని ప్రత్యేకమైన పేరే కలదు.

దీనిని నేర్చుటకు శిష్యుడు మొదట రబ్బరు పట్టెతో సాధన చేయును. తరువాత బాణము లేని వింటిని లాగి, నారిని విడువక మెల్లగా యథాస్థానమునకు తెచ్చును. బాణము లేకుండ నారిని విడిచినచో విల్లు చెడును. అటు పిమ్మట ‘మకివర’ యను గడ్డిమోపునకు ఎదురుగా, వింటి పొడవంత దూరమున నిలిచి బాణము వేయును. అంత చేరువ నుండి తప్పుట యుండదు కనుక, అతని దృష్టి తన చేతిమీదనే నిలుచును. 28 మీటర్ల దూరమున 36 సెంటీమీటర్ల లక్ష్యము ఇన్ని మెట్లు దాటిన పిమ్మటనే యెదుట నిలుచును.

బొటనవ్రేలి పట్టు మనకు క్రొత్తది కాదు. భారత కథయందు ద్రోణుడు ఏకలవ్యుని గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలినే కోరెను. పిమ్మట నతడు తక్కిన వ్రేళ్లతో బాణములు వేసినను మునుపటి వేగము రాలేదని భారతము చెప్పుచున్నది. మన హైదరాబాదునందలి సాలార్జంగు మ్యూజియములో జేడ్ రాతితో చెక్కిన విలుకాని యుంగరమొకటి కలదు. దానిపై ‘సాహిబ్-ఎ-ఖిరాన్-ఎ-సానీ’ యను షాజహాను బిరుదు చెక్కబడియున్నది. బొటనవ్రేలిని నారి చుట్టు మడచి, దాని కొనపై చూపుడువ్రేలిని బిగించి లాగెడి పద్ధతికి ఇట్టి యుంగరము సాధనము. అది నారి యొరపిడి నుండి చర్మమును కాపాడును. విడుచునపుడు నారి నునుపుగా జారిపోవును.

నేటి ఒలింపిక్ పోటీలలోని పట్టు వేరు. చూపుడువ్రేలు బాణమునకు పైనను, నడిమివ్రేలును ఉంగరపువ్రేలును క్రిందను ఉండును. 2024లో పారిస్ ఒలింపిక్సున మిశ్రమ జట్టుతో నాలుగవ స్థానము పొందిన విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్ పట్టు ఇట్టిదే. 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండు వింటిని చేపట్టినది; ఆ వింటినారిని చేతిలోని చిన్న యంత్రము విడుచును. పద్ధతులు వేరైనను ధర్మమొక్కటియే: ప్రతిసారియు చేయి ఒకే తీరున కుదురవలెను.

ఈ మాట హైటెక్ సిటీ ప్రాంతమున నివసించు మనకు మరింత యవసరము. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములలో దినమంతయు కంప్యూటరు మీటలపై వ్రేళ్లాడించు కొలువులు పెరిగినవి. ఆ మీటలతో చేసిన తప్పును మరియొక మీట చెరిపివేయును. అట్టి యిండ్ల పిల్లలు సెలవుదినమున విల్లు పట్టినచో, తొలి గంటలోనే లక్ష్యము నడుమ బాణము నాటవలెనని తొందరపడుదురు; తల్లిదండ్రులును పతకమెప్పుడని యడుగుదురు. ఆ తొందరలో వంగిన మణికట్టు, బిగిసిన వ్రేళ్లు అలవాటై నిలుచును. పాతుకొనిన అలవాటును మాన్పుట, క్రొత్తగా నేర్పుటకంటె కష్టము.

లక్ష్యము చూపనిచో పిల్లలకు విసుగు పుట్టునని కొందరు వాదింతురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అందుకు గడ్డిమోపే తగిన యుపాయము. రెండు మీటర్ల దూరమున దానిని నిలిపి, ఉపాధ్యాయుడు ప్రక్కనుండి చేతిని దిద్దుచుండినచో, బాణము నాటిన చప్పుడును వినవచ్చును, పట్టును కుదురును. దీనికి విశాలమైన మైదానమును అక్కరలేదు.

విద్యార్థులారా! మీలో నెవరైన విల్లు పట్టగోరినచో, ‘ఎన్ని తాకినవి?’ అని లెక్కింపకుడు. పది మారులు నారిని పట్టి, పదిమారులును వ్రేళ్లొకే చోట నిలిచినవేమో చూచుకొనుడు. మీ గురువు లక్ష్యమును చూపుటకు ఆలస్యము చేసినచో, ఆయన మీకు తొలిపాఠము చెప్పుచున్నాడని గ్రహింపుడు.