మోగాల్సింది గిటార్... పెట్టె కాదు!

మన హీరోగారు ఎలక్ట్రిక్ గిటార్ భుజాన వేసుకుని చేలగట్ల మీద పరుగెడుతూ వాయించేస్తుంటారు. ఆ గిటార్‌కి వైరుండదు, ఆంప్లిఫయర్ ఉండదు, స్పీకర్ పెట్టె అసలే ఉండదు! అయినా పాట హాలంతా మోగిపోతుంది. మనం ఈలలు వేస్తాం. సినిమా కదా... అడగకూడదు!

నిజజీవితంలో గిటార్ పట్టిన కుర్రాడికి మాత్రం ఆ సుఖం లేదు. పటాన్‌చెరు నుంచి ఓ కాలేజీ తమ్ముడు రాసిన ఉత్తరం నా బల్ల మీదుంది. నలుగురు ఫ్రెండ్స్ కలిసి బ్యాండ్ పెట్టారట. డబ్బులు పోగేసి, తెలిసిన వడ్లాయన చేత రెండు పన్నెండంగుళాల స్పీకర్లు పట్టే పెట్టె చేయించుకున్నారట. అంతా బాగానే ఉంది గానీ ఒక్క స్వరం దగ్గర మాత్రం "గర్ర్..." మంటోందట. "గిటార్ మార్చమని కొందరు, గిటారిస్టునే మార్చమని ఇంకొందరు. మీరేమంటారు సార్?" అని అడిగాడు.

తమ్ముడూ! గిటార్నీ మార్చకు, గిటారిస్టునీ మార్చకు. ముందు నా కథ విను. ఈ "గర్ర్" పుణ్యమా అని నేనొక మంచి స్నేహితుణ్ణి పోగొట్టుకోబోయాను.

అవి 1980ల తొలిరోజులు. సంగారెడ్డి అప్పట్లో మెదక్ జిల్లాకి కేంద్రం. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. దాటి పటాన్‌చెరు వైపు వెళ్తుంటే ఫ్యాక్టరీలు, షిఫ్టు సైరన్లు, సైకిళ్ల గుంపులు. వినాయక చవితి వచ్చిందంటే కాలనీ కాలనీకి ఆర్కెస్ట్రా ఉండాల్సిందే! 1973లో 'యాదోం కీ బారాత్', దాన్నే తెలుగులో తీసిన 'అన్నదమ్ముల అనుబంధం' 1975లో చూశాక గిటార్ మీద మోజు పడని కుర్రాడు మా చుట్టుపక్కల లేడంటే నమ్మండి.

మా ఆర్కెస్ట్రాలో నేను అనౌన్సర్ని. మా గిటారిస్టు ఒక ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. ఓవర్‌టైం డబ్బులు రూపాయి రూపాయి దాచి గిటార్ కొన్నాడు. స్పీకర్ పెట్టెకి మాత్రం డబ్బుల్లేవు. దొరికిన సన్నటి ప్లైవుడ్‌తో మేమే మేకులు కొట్టి ఒక డబ్బా తయారు చేశాం. చూడ్డానికి నల్లరంగేసి దర్జాగానే ఉండేది!

పందిట్లో మొదటి రాత్రి. జనం కిటకిట. పాట మొదలైంది. మావాడు ఐదో తీగ మీటాడు. "గర్ర్ర్..." ముందు వరస పిల్లలు నవ్వారు. మళ్లీ మీటాడు. మళ్లీ "గర్ర్..." ఈసారి వెనక వరసలు కూడా నవ్వాయి. నాకు తల కొట్టేసినట్టయింది. కార్యక్రమం అయ్యాక అందరి ముందూ అనేశాను - "నీ చెయ్యి పనికిరాదురా. రేపట్నుంచి వేరేవాణ్ణి చూసుకుంటాం."

వాడు ఒక్క మాట మాట్లాడలేదు. వైరు చుట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు తెలిసింది, గిటార్ అమ్మకానికి పెట్టాడని!

ఆ సాయంత్రం మా వీధిలో ఉండే కాకా మమ్మల్ని పిలిచాడు. ఒక ఫౌండ్రీలో పోతకి కర్ర అచ్చులు చేసి రిటైరైన మనిషి. "రాత్రి నేను గూడ విన్న బిడ్డా. ఆ పిల్లగాణ్ణి, డబ్బాను ఇద్దర్నీ తోల్కరా" అన్నాడు. బతిమాలి తీసుకొచ్చాను.

కాకా వాణ్ణి ఐదో తీగ మీటమన్నాడు. "గర్ర్..." అంది. వెంటనే పెట్టె వెనక పలక మీద అరచెయ్యి గట్టిగా ఆనించాడు. చప్పున ఆగిపోయింది! చెయ్యి తీశాడు - గర్ర్. పెట్టాడు - నిశ్శబ్దం.

"సూసినవా? పిల్లగాని చెయ్యి మంచిగనే ఉన్నది. డబ్బా మొత్తుకుంటున్నది" అన్నాడు నావైపు చూసి. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

తర్వాత పెట్టెను రెండు చెక్కదిమ్మల మీద బోర్లా పడుకోబెట్టి, వెనక పలక మీద పిడికెడు సన్నటి ఇసుక చల్లాడు. తీగ మీటగానే పలక నడుమ ఉన్న ఇసుక గంతులేసి పక్కలకి జరిగిపోయింది. ఎక్కడ ఊపు ఎక్కువో అక్కడ ఇసుక నిలవదన్నమాట! క్లాడ్నీ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ ఇసుక బొమ్మల సంగతి 1787లోనే పుస్తకం వేశాడని చాలా ఏళ్లకి చదివాను. కాకా ఆ పుస్తకం చూసినవాడు కాడు. కర్రనే చదివినవాడు!

అసలు జరిగేదేమిటంటే... స్పీకర్ కోన్ ముందుకి ఎంత తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. మూసిన పెట్టెలో గాలి సైకిల్ పంపులో గాలిలా పలకల్ని నెడుతుంది. ప్రతి పలకకీ తనదైన స్వరం ఒకటుంటుంది, డప్పుకి ఉన్నట్టే. గిటార్ ఐదో తీగ సెకనుకి 110 సార్లు ఊగుతుంది. మా పలక స్వరం సరిగ్గా ఆ దాపుల్లోనే ఉంది. ఇంకేముంది, ఊయల్ని అదనుకి తోసినట్టు పలక ఊగి ఊగి, వదులైన మేకుల దగ్గర చట్రానికి కొట్టుకుంది. అదే మా "గర్ర్"!

మందు? కాకా రెండు పనులు చేశాడు. మొదటిది, వెనక పలక లోపలి వైపు ఒక రీపరు జిగురుతో, స్క్రూలతో బిగించాడు. పడుకోబెట్టి కాదు, అంచు మీద నిలబెట్టి! స్కేలు బల్ల పరుపుగా పట్టుకుంటే వంగుతుంది, అంచు మీద నిలబెడితే వంగదు. లోతు రెట్టింపయితే బిగువు ఎనిమిది రెట్లు. అదీ సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకి వేశాడు. రెండు సగాలూ సమానమైతే రెండూ ఒకే స్వరానికి ఊగుతాయి కదా! పెద్ద పలక రెండు చిన్న పలకలయ్యేసరికి వాటి స్వరం పైకి పోయింది. అక్కడ వాటిని ఊపడం అంత సులువు కాదు.

రెండోది, రెండు స్పీకర్ల నడుమ ముందు పలక నుంచి వెనక పలకకి ఒక కర్ర నిలబెట్టి, వెనక పలకను దానికి కూడా స్క్రూతో బిగించాడు. ఇంట్లో దూలం కింద గుంజ పెట్టినట్టు. లండన్లో డ్రమ్ములు నేర్పుతూ సంగీత వాద్యాల కొట్టు నడిపిన జిమ్ మార్షల్ 1960లలో తయారు చేసిన పేరుమోసిన నాలుగు స్పీకర్ల పెట్టెలో కూడా నడుమ ఇలాంటి గుంజే ఉంటుంది!

మేం ఊరుకున్నామా? ఉత్సాహం కొద్దీ పక్కలకీ, పైనా, కిందా ఇంకో అరడజను బద్దలు బిగించేశాం. "గర్ర్" లేదు సరే, గిటార్‌లో జీవం కూడా లేదు! దుప్పటి కప్పినట్టుంది. కాకా నవ్వి సగం పీకేశాడు.

ఇక్కడే అసలు కిటుకుంది. సినిమాహాల్లో తెరకి సన్నటి చిల్లులుంటాయి, వాటి వెనక స్పీకర్లుంటాయి. ఆ పెట్టెలు మారు పలక్కూడదు. హీరో డైలాగుకి పెట్టె తన డైలాగు కలిపితే ఎలా? 1986లో 'సింహాసనం' సెవెంటీ ఎం.ఎం., సిక్స్ ట్రాక్ అంటూ వచ్చినప్పుడు మనం డబ్బిచ్చి విన్నది సినిమా శబ్దాన్ని, చెక్కపెట్టె గొడవని కాదు. గిటార్ పెట్టె అలా కాదు, అది కూడా వాయిద్యంలో భాగమే. అమెరికాలో లియో ఫెండర్ తేలికపాటి పైన్ చెక్కతో చేసిన పెట్టెల్లో ఆ చెక్క కొద్దిగా గొంతు కలపడమే చాలామంది గిటారిస్టులకి ముద్దు. కొద్దిగా గొంతు కలిపితే రుచి, "గర్ర్" మంటే రోగం!

కాబట్టి తమ్ముడూ, మీ పెట్టెకి ముందు అరచేతి పరీక్ష చెయ్యి. స్క్రూలు బిగించు. హ్యాండిలూ, జాకు పిన్ను రేకూ, లోపల వేలాడే వైర్లూ చూడు. సగం దొంగలు అక్కడే దొరుకుతారు. పలకే దొంగయితే ఒక్క బద్ద వేసి విను. అది చాలకపోతేనే ఇంకోటి.

ఇక మా కథ... మూడో రాత్రి అదే పందిరి, అదే ఐదో తీగ. గంటలా మోగింది. నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు. నేను మైకులో అందరి ముందూ చెప్పాను - "మొన్న తప్పు మా గిటారిస్టుది కాదు, నాది." అన్నమాట అందరి ముందూ అయితే, క్షమాపణ చాటుగా చెబితే ఏం బాగుంటుంది?

వాడు ఏమన్నాడో తెలుసా? "సరే గని, కట్టెలేసి డబ్బా బరువైంది. ఇంటిదాంక నువ్వే మొయ్యాలె!"

మోశాను. దారి పొడుగునా!

మీ బ్యాండులోనూ ఎవరి మీదైనా కోపం వస్తే... మాట తూలే ముందు ఓసారి డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి. ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం!