డ్రోన్ శిక్షణ – ఎంపికలో వివేకం



మరిపెడ పరిసర గ్రామాలలో పెరిగిన మాకు తైవాన్ పంపు బరువు తెలియనిది కాదు. దానిని వీపున మోస్తూ మిరప చేలలో మందు కొట్టి, సాయంకాలానికి కళ్ళు మండి ఇల్లు చేరే మన పెద్దలను చూస్తూ పెరిగాము. 2021–22లో నల్ల తామర పురుగు మన ప్రాంతపు మిరప తోటలను నాశనం చేసినప్పుడు, మందు సకాలంలో పడడం ఎంత అవసరమో రైతులకు అనుభవపూర్వకంగా తెలిసింది. నేడు ఆ పనికి డ్రోన్ వచ్చినది. దానిని నడిపే విద్య నేర్చి బ్రతుకుతెరువు సంపాదించవచ్చునని మా మిత్రులలో అనేకులు ఆశపడుతున్నారు. ఆశ న్యాయమైనదే. కాని ఏ శిక్షణలో చేరాలి?

ఫీజు ఎంత, ఎన్ని రోజులు అనే రెండు ప్రశ్నలతోనే చాలామంది సరిపెట్టుకొంటున్నారు. మా అభిప్రాయంలో శిక్షణను ఎంచుకొనే ముందు చేయదలచిన పనిని ఎంచుకోవాలి.

కారణం సుస్పష్టం. 2021 నాటి డ్రోన్ నియమావళి ఈ యంత్రాలను మోసే బరువుతో సహా తూచి తరగతులుగా విభజించినది. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. ఆపైన మరి రెండు తరగతులు. పైలట్ ధ్రువపత్రం నేర్చిన తరగతికే చెల్లుతుంది. పెళ్ళి వీడియోలు తీసే చిన్న డ్రోన్ వేరు, ట్యాంకు నిండా మందుతో లేచే డ్రోన్ వేరు. మాలో ఒక మిత్రుడు ఇంటిల్లిపాది కూడబెట్టిన సొమ్ము చెల్లించి ఒకచోట చేరాడు. చేతికి వచ్చినది ఆ సంస్థ ముద్ర గల కాగితం మాత్రమే. చట్టరీత్యా దానికి విలువ లేదు. డి.జి.సి.ఏ. అధికారమిచ్చిన శిక్షణ సంస్థ ద్వారా లభించే ధ్రువపత్రమే చెల్లుతుంది. పదవ తరగతి ఉత్తీర్ణులై, 18 నుండి 65 ఏళ్ళ మధ్య వయస్సు గలవారు అందుకు అర్హులు. కావున ఆ సంస్థ పేరు అధికారిక జాబితాలో ఉన్నదో లేదో మొదట చూడవలెను.

రెండవది, అభ్యాసం. యంత్రం మన చేతికి ఎన్ని గంటలు ఇస్తారు? ఏ యంత్రం ఇస్తారు? తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివిన మనకు అర్థమయ్యే భాషలో పాఠం చెబుతారా? ఇవి అడగడానికి సిగ్గుపడరాదు. మందు చల్లేవానికి ఎగురవేయడం ఒక్కటే వస్తే చాలదు. గాలి వేగం, మందు మోతాదు, ప్రక్క చేను, చెరువు, తేనెటీగలు అన్నీ అతని బాధ్యతే. డ్రోనుతో పురుగుమందులు చల్లే పద్ధతిపై కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో మార్గదర్శకాలు వెలువరించినది. వాటిని బోధించని శిక్షణ మన పొలాలకు అక్కరకు రాదు. "నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్" అని ఉర్దూ సామెత. అరకొర వైద్యుని వలె అరకొర పైలటు కూడా ప్రమాదకారియే.

మూడవది, శిక్షణానంతర జీవనం. మందు చల్లే డ్రోన్ ఖరీదు లక్షలలో ఉంటుంది. పదవ తరగతితో పాటు పైలట్ ధ్రువపత్రం గల గ్రామీణ యువకులు అద్దె యంత్రాల కేంద్రం పెట్టుకొంటే, డ్రోన్ వ్యయంలో 40 శాతం, 4 లక్షలకు మించకుండా, సహాయం ఇవ్వడానికి 2022 జనవరిలో కేంద్రం నిబంధనలు సవరించినది. 2023లో ప్రకటించిన 'నమో డ్రోన్ దీదీ' పథకం 15,000 మహిళా సంఘాలను ఉద్దేశించినది. అందులో సహాయం 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు. మన సోదరీమణులు ఈ విద్యకు దూరంగా ఉండనక్కరలేదు. అయినను మిగిలిన సొమ్ము మనమే సమకూర్చుకోవాలి. ఉన్నదంతా ఫీజుకే ధారపోసి, తరువాత వట్టిచేతులతో నిలబడడం వివేకం కాదు. ముందు అనుభవజ్ఞుని వద్ద ఒక పంటకాలం పనిచేసి చూచుట మేలు.

తల్లి మెడలోని బంగారం తాకట్టు పెట్టి చదివే బిడ్డలున్న ప్రాంతం మనది. ఆ సొమ్ముకు తగిన విద్య దొరుకుతున్నదా అని విచారించడం అవిశ్వాసం కాదు. అది మన కనీస ధర్మం. కాలు నేలపై ఉండగానే యోచించిన వాడే ఆకాశాన్ని నమ్మకంగా ఏలగలడు.