పాత మారుతి వ్యాను వయసు కాదు, కండిషన్ చూడండి

తెల్లవారుజామున నాలుగింటికి వంకాయలు, బీరకాయలు వేసుకుని రైతుబజారుకు పోయేది పాత మారుతి వ్యాను. పదింటికి తిరుగు ప్రయాణంలో ఎరువు బస్తాలు మోసుకొచ్చేదీ అదే. అర్ధరాత్రి ఎవరికైనా గుండె నొప్పి వస్తే, 108 వచ్చేదాకా ఆగలేక, వెనక సీటు మడిచి పరుపు వేసి పట్నం ఆసుపత్రికి పరుగు తీసేదీ అదే. రిజిస్ట్రేషన్ కాగితంలో అది సొంత వాహనం, కుటుంబం తిరిగే కారు. చిన్న రైతు ఇంట్లో మాత్రం నాగలి తర్వాత నాగలి లాంటిది.

1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, తర్వాత ఓమ్నిగా పేరు మారిన ఈ బండి తయారీ 2019లో ఆగిపోయింది. కొత్త భద్రతా ప్రమాణాలకు, కాలుష్య ప్రమాణాలకు అది తూగలేదు. ఆ నిర్ణయాన్ని మేం తప్పు పట్టడం లేదు. అయితే ఇప్పుడు ఊళ్లలో తిరుగుతున్న ఓమ్నిలన్నీ పాతవే, ఏటేటా 15 ఏళ్లు దాటే బండ్ల లెక్క పెరుగుతూనే ఉంటుంది. మా అభ్యంతరమంతా ఆ 15 ఏళ్ల గీత దగ్గరే.

సొంత వాహనానికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ అదే పని. 2022 ఏప్రిల్‌కు ముందు కారుకు ఈ ఫీజు 600 రూపాయలు. కేంద్రం దాన్ని ఒక్కసారిగా 5,000 చేసింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన బండ్లకు 10,000 అంది. గడువు దాటితే నెలకు 500 అదనం. రాష్ట్రాలు వేసే హరిత పన్ను వేరు. పంట డబ్బు చేతికి రాలేదని మూడు నెలలు ఆగిన రైతు 1,500 రూపాయలు ఎక్కువ కట్టుకోవాల్సిందే.

పాతబండ్లు పొగ వదులుతాయి, ప్రమాదం తెస్తాయి, అందుకే ఈ భారం అంటున్నారు. బాగానే ఉంది. కానీ రెన్యువల్‌కు ముందు బండిని తనిఖీ చేస్తున్నారు కదా! తనిఖీలో నిలబడని బండిని ఆపండి, మేం అడ్డుపడం. నిలబడిన బండి మీద వయసు పేరుతో జరిమానా దేనికి? ఆ 5,000తో రైతు రేడియేటర్ మార్పించుకుంటే బండి నిజంగానే బాగుపడుతుంది.

రేడియేటర్ మాట ఊరికే తేలేదు. ఓమ్నిని చంపేది ముందుగా వేడే. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజన్ ముందు సీటు కింద ఉంటుంది. గాలి సరిగా ఆడదు. మనవాళ్లు చేసే పెద్ద తప్పేమిటంటే రేడియేటర్లో బోరు నీళ్లు పోయడం. ఉప్పు నీళ్లకు లోపల సున్నం పేరుకుంటుంది, సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. వేడెక్కుతోందని షెడ్డులో థర్మోస్టాట్ వాల్వ్ పీకి అవతల పారేస్తారు. దానితో వేడి తగ్గినట్టు కనిపిస్తుంది కానీ అసలు జబ్బు పోదు. మా సభ్యుడొకరి బండి పోయిన వేసవిలో టమాటా లోడుతో ఘాట్ ఎక్కుతూ ఆగింది. తెల్లపొగ, డిప్‌స్టిక్ మీద పాలటీ రంగులో నూనె. హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నమాట. హెడ్ విప్పి లేత్ షాపులో చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసేసరికి నాలుగు రోజులు పట్టింది. టమాటా సంగతి చెప్పక్కర్లేదు. ఏటా కూలెంట్‌కు పెట్టే కొద్ది వందలు మిగుల్చుకున్నందుకు ఒక కోత పోయింది.

నీళ్లు ఎక్కడా కారకుండానే తగ్గుతున్నాయా, రేడియేటర్ మూత దగ్గర బుడగలు వస్తున్నాయా, ఆ రోజే ఆపి చూపించండి. మూత మాత్రం ఇంజన్ చల్లారాకే తీయండి. టైమింగ్ బెల్టు తెగేదాకా ఆగొద్దు. అది తెగే ముందు చెప్పదు, నడిరోడ్డు మీద ఆపేస్తుంది.

మిగతావి చిన్నవే. వెనక చక్రాలకు శక్తి తీసుకుపోయే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో క్రాస్ అరిగితే గేరు వేయగానే టక్కుమంటుంది. బస్తాలు ఎక్కువేస్తే కమాన్ పట్టీలు కుంగుతాయి. పక్క తలుపు రోలర్లు అరిగి తలుపు ఊడి చేతికొస్తుంది, మట్టి చేరి తలుపు అడుగు, నేల రేకు తుప్పు పడతాయి. తుప్పు సంగతి వానాకాలానికి ముందే చూసుకోవాలి, అది మెకానిక్ కన్నా వెల్డింగ్ షాపు పని. కార్బురేటర్ ఉన్న పాత మోడళ్లయితే జెట్లు శుభ్రం చేసి మళ్లీ సరిచేయగల చేయి కావాలి. ఆ చేయి ఉన్న మెకానిక్‌లు యాభై దాటారు. వాళ్ల పిల్లలు పట్నంలో షోరూములకు పోతున్నారు. మండలానికి ఒకరు కూడా మిగలకపోతే ఫీజు తగ్గించినా బండి కదలదు.

మన వైపు తప్పులు దాచుకోవడం మా పద్ధతి కాదు. వంటగ్యాస్ సిలిండర్ పెట్టి వ్యాను నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు. అది చట్టవిరుద్ధం, అంతకు మించి మనుషులను కాల్చి చంపే పని. ఆ బండిని సంఘం వెనకేసుకురాదు. ముందు భాగంలో దెబ్బ తట్టుకునే బానెట్ లేని ఈ బండిలో బడిపిల్లలను పదిహేను మందిని కుక్కడమూ అంతే. సగం ధరకు వచ్చాయని బ్రేకు షూలు, బ్రేకు సిలిండర్ కిట్లు బిల్లు లేకుండా కొనొద్దు. ప్లాస్టిక్ బిగింపులు నకిలీవైనా సరిపెట్టుకోవచ్చేమో, బ్రేకు దగ్గర కుదరదు.

పన్నుల సంగతి కూడా ఒకటుంది. 2025 సెప్టెంబరు జీఎస్టీ మార్పుల్లో ట్రాక్టర్ టైర్లు, విడిభాగాలను 18 నుంచి 5 శాతానికి తెచ్చారు. మంచి పనే, రైతాంగం ఎన్నాళ్లుగానో అడుగుతున్నదే. కారు విడిభాగాలు మాత్రం 18 దగ్గర ఆగాయి. ట్రాక్టర్ లేని రైతు సంగతేమిటి? రెండెకరాల కూరగాయల రైతుకు ట్రాక్టర్ అద్దెకు వస్తుంది, సొంతానికి ఉండేది వ్యానే. ట్రాక్టర్ ఉన్నవాడికి దక్కిన ఊరట వాడికి దక్కలేదు.

మరమ్మతు హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలు అందులో ఉన్నాయి. ఒక పోర్టల్ కూడా తెరిచారు. కంపెనీలు అందులో వివరాలు పెడితే పెడతాయి, లేకపోతే లేదు. తయారీ ఆపేసిన మోడల్‌కు విడిభాగాలు ఎన్నేళ్లు అందించాలో చట్టం గట్టిగా చెప్పాలి.

కాబట్టి మేం అడిగేవి ఇవి. తనిఖీలో నెగ్గిన పాత సొంత వాహనానికి, ఐదెకరాల లోపు రైతు పేరున ఉంటే, పాత 600 ఫీజే ఉంచాలి. నెలనెలా పెరిగే ఆలస్య రుసుము ఎత్తేయాలి. తనిఖీ కోసం బండిని జిల్లా కేంద్రం దాకా తోలించకుండా నెలకోసారైనా మండలంలో శిబిరం పెట్టాలి. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ నేర్చిన పల్లె కుర్రాళ్లకు షెడ్డు పెట్టుకునే రుణం పూచీకత్తు లేకుండా ఇవ్వాలి.

రెన్యువల్ ఫీజు, ఆలస్య రుసుము కట్టిన సభ్యులు రసీదు నకలును గ్రామ కమిటీ కార్యదర్శికి అందజేయండి. బండి కొన్న సంవత్సరం, మీ భూమి విస్తీర్ణం వెనక రాయండి. రవాణా శాఖకు ఇచ్చే వినతిపత్రానికి వాటిని జత చేస్తాం.