చుట్టే కాగితం నేరమా? చట్టం ఏమంటోంది
నిర్వచనం లేని ‘సామగ్రి’.. విద్యార్థులు, దుకాణదారులు, ఇళ్ల యజమానుల్లో అయోమయం

గోల్నాక: అరచేతిలో ఇమిడే పలుచని కాగితాల కట్ట. సిగరెట్‌ను సొంతంగా చుట్టుకునేవారి కోసమని తయారైన వస్తువు. నగరంలో దానిని అందరూ ‘ఓసీబీ పేపర్’ అనే పిలుస్తారు. అది ఒక కంపెనీ పేరైనా, ఏ కంపెనీ కాగితానికైనా ఆ పేరే స్థిరపడింది. పాన్‌డబ్బాలో అగ్గిపెట్టె పక్కన కనిపించే ఈ కాగితమే, గంజాయి కేసు వివరాలు వెల్లడించే విలేకరుల సమావేశంలో బల్లపైకి వస్తుంది. పొట్లాల పక్కన కాగితాలు, డిజిటల్ కాటా, సెల్‌ఫోన్లు, ద్విచక్ర వాహనం తాళం.. అన్నీ వరుసగా పేరుస్తారు. ఆ ఛాయాచిత్రం చూసిన పాఠకుడికి బల్లపై ఉన్నవన్నీ నిషిద్ధ వస్తువులేనన్న అభిప్రాయం కలగడం సహజం.

వాస్తవం అది కాదు. మత్తుమందు వాడకానికి పనికొచ్చే సామగ్రి అంటూ ఒక జాబితాను గానీ, నిర్వచనాన్ని గానీ మన దేశంలోని ప్రధాన మాదకద్రవ్యాల చట్టం ఇవ్వలేదు. ఖాళీ కాగితం జేబులో ఉండటం ఆ చట్టం కింద నేరం కాదు. ఖాళీ చిలుం ఉన్నా అంతే. ఈ చిన్న విషయం తెలియక గోల్నాక, అంబర్‌పేట, విద్యానగర్, తార్నాక ప్రాంతాల్లో గదులు అద్దెకు తీసుకుని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే విద్యార్థులు, వారికి గదులిచ్చే యజమానులు, చిల్లర దుకాణదారులు ఒకవైపు అనవసరంగా భయపడుతున్నారు. మరోవైపు భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉంటున్నారు. నాకా అంటే తనిఖీ చౌకీ. పేరులోనే తనిఖీ ఉన్న గోల్నాక, తార్నాకల మధ్య బతికేవారికి తనిఖీలో ఏది నేరమో, ఏది సాక్ష్యమో తెలిసి ఉండటం అవసరం.

చట్టం మాటల్లోనే..

మాదకద్రవ్యాలు, మనోప్రభావిత పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఇందులో గంజాయి అంటే ఏమిటో స్పష్టంగా ఉంది. మొక్క పూత, కాయ భాగాలనే చట్టం గంజాయిగా గుర్తిస్తుంది. ఆ కొనలతో కలిసి లేని విత్తనాలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. ఎంత పరిమాణానికి ఎంత శిక్ష అన్నదీ స్పష్టమే. కేంద్ర ప్రభుత్వం 2001 అక్టోబరులో ఇచ్చిన ప్రకటన ప్రకారం గంజాయి కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. చరస్‌కు ఈ హద్దులు 100 గ్రాములు, కిలో. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. పదార్థం విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉన్న చట్టం వస్తువుల దగ్గరికి వచ్చేసరికి మరో దారి పట్టింది.

వస్తువుల ప్రస్తావన ప్రధానంగా రెండు చోట్ల ఉంది. మొదటిది 60వ సెక్షన్. నేరం జరిగినప్పుడు, ఆ నేరానికి సాధనమైన పదార్థాలు, పరికరాలు, పాత్రలు జప్తుకు అర్హమవుతాయని అది చెబుతోంది. మత్తుమందు ఉంచిన సంచి, డబ్బా, చుట్టిన కాగితం, తరలించిన వాహనం కూడా ఇందులోకే వస్తాయి. ఇక్కడ గమనించాల్సింది వరుస క్రమం. ముందు నేరం, ఆ తర్వాతే వస్తువు. నేరం లేకుండా వస్తువు ఒంటరిగా దోషి కాదు. జప్తు చేయాలా వద్దా అన్నది కూడా చివరికి న్యాయస్థానమే తేల్చాలని 63వ సెక్షన్ పేర్కొంటోంది.

రెండోది 54వ సెక్షన్. దీనికే పదును ఎక్కువ. మత్తుమందు తయారీకి ప్రత్యేకంగా రూపొందించిన పరికరం గానీ, అందుకోసం ప్రత్యేకంగా అమర్చుకున్న పాత్రల సముదాయం గానీ ఒకరి వద్ద దొరికి, అవి ఎందుకున్నాయో అతడు సంతృప్తికరంగా చెప్పలేకపోతే, నేరం చేశాడని న్యాయస్థానం భావించవచ్చు. కాదని రుజువు చేసుకునే భారం నిందితుడిదే. అయితే ఇది ‘తయారీ’ పరికరాలకే పరిమితం. పొగ పీల్చే గొట్టం, చుట్టే కాగితం తయారీ పరికరాలు కావు. ఈ భావన దానంతటదే పుట్టదని, ప్రాథమిక వాస్తవాలను ముందుగా ప్రాసిక్యూషనే నిరూపించాలని సుప్రీంకోర్టు 2008లో నూర్ ఆగా కేసులో స్పష్టం చేసింది.

ప్రయోగశాల ఒకటి.. తరగతి గది ఒకటి

‘ప్రత్యేకంగా’ అన్న ఒక్క మాట ఎంత బరువైనదో తార్నాక వాసులకు చెప్పడం సులువు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) ఇక్కడే ఉంది. రియాక్టర్లు, ఫ్లాస్కులు, డ్రయ్యర్లు, సూక్ష్మ తూకపు కాటాలు అక్కడ నిత్యావసరాలు. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఓల్డ్ బోయినపల్లిలో 2025 సెప్టెంబరులో ఒక పాఠశాల భవనంలో అల్ప్రాజోలం తయారీ కేంద్రాన్ని తెలంగాణ ‘ఈగల్’ బృందం పట్టుకుంది. అక్కడా దొరికినవి రియాక్టర్లు, డ్రయ్యర్లే. కింద పిల్లలు చదువుకుంటుండగా పైన మత్తుమందు తయారైందని అధికారులు ప్రకటించడంతో నగరం నివ్వెరపోయింది. కల్లులో కలిపేందుకు వాడే ఈ మందుకు స్వల్ప పరిమాణం 5 గ్రాములు, వాణిజ్య పరిమాణం 100 గ్రాములు మాత్రమే.

పరికరం అదే, లోహం అదే. ఒకచోట శాస్త్రం, మరోచోట నేరం. వస్తువు ఆకారాన్ని చూసి కాక, అది ఏ పనికి అమరిందో చూసి తేల్చమని చట్టం చెప్పడంలోని ఔచిత్యం ఇదే. రసాయనశాస్త్రం చదివే విద్యార్థి గదిలో గాజు గొట్టం కనిపించినంత మాత్రాన 54వ సెక్షన్ వర్తించదు. దాని అడుగున మత్తుమందు తాలూకు అవశేషం ఉంటే మాత్రం కథ మారుతుంది.

అంటుకున్న మసి

అసలు చిక్కు ఈ అవశేషం దగ్గరే ఉంది. ఖాళీ చిలుం నేరం కాదు, నిజమే. కానీ దాని లోపల అంటుకున్న మసిలో గంజాయి ఆనవాళ్లు ఉన్నాయని ఫోరెన్సిక్ ప్రయోగశాల తేల్చితే అది ఖాళీ చిలుం కాదు. కిలోకు లోపు ఎంత ఉన్నా స్వల్ప పరిమాణమే కనుక, ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడే అవకాశం ఉంటుంది. గంజాయి తాగినట్టు రుజువైతే 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. గంజాయిని నలిపే చిన్న గ్రైండర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ‘మా దగ్గర సరకు లేదు, డబ్బానే ఉంది’ అనుకునే కుర్రవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే.

సోదా విషయంలోనూ అపోహలున్నాయి. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా చేయమని కోరే హక్కు 50వ సెక్షన్ కింద ఉంది. అది ఒంటిపై సోదాకే గానీ చేతిలోని సంచికి వర్తించదని సుప్రీంకోర్టు 2005లోనే తీర్పు చెప్పింది. కాలేజీ బ్యాగుకు ఆ రక్షణ లేదన్నమాట. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాను, స్వాధీనాన్ని ఆడియో, వీడియోల్లో నమోదు చేయాలి. అడిగే హక్కు పౌరుడికి ఉంది.

ఇక సెల్‌ఫోన్ సంగతి. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో యువకులను ఆపి, ఫోన్లు తీసుకుని, సందేశాల్లో ‘గంజాయి’ అన్న మాట ఉందేమోనని పోలీసులు వెతికిన దృశ్యాలు బయటికి రావడంతో విమర్శలు చెలరేగిన సంగతి గుర్తుండే ఉంటుంది. కాగితం పోయి మాటే సామగ్రి అయిపోయిన సందర్భమది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం తేల్చాక కూడా ఇలా జరగడం సమర్థనీయం కాదు.

పాన్‌డబ్బా పరిస్థితి

విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) నిషేధించింది. అయితే ఆ చట్టం షెడ్యూలులో సిగరెట్లు, చుట్టలు, బీడీలు, నస్యం, గుట్కా, హుక్కా పొగాకు ఉన్నాయి గానీ, పొగాకు లేని ఉత్త కాగితం లేదు. అంటే విశ్వవిద్యాలయం గేటు ఎదుట సిగరెట్ అమ్మితే ఉల్లంఘన, కాగితం అమ్మితే కాదు! శాసనకర్తలు ఊహించని లోటిది. ఈ లోటును తనిఖీలతో, హెచ్చరికలతో పూడ్చాలనుకుంటే దుకాణదారుడికి ఏది తప్పో తెలియదు, పోలీసుకు ఏ సెక్షన్ రాయాలో తెలియదు. కొనేవాడు దానితో గంజాయి తాగుతాడని తెలిసే అమ్మాడని రుజువు చేయగలిగితే 29వ సెక్షన్ కింద ప్రేరణ, సహకారం ఆరోపణకు ఆస్కారముంది. ఆ ‘తెలిసి’ అన్న దానికి రుజువు దొరకడమే కష్టం.

వస్తువునే నిషేధించదలిస్తే చట్టసభలకు మార్గం లేకపోలేదు. ఈ-సిగరెట్ల విషయంలో పార్లమెంటు 2019లో చేసింది అదే. పదార్థాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చేందుకు పనికొచ్చే ఎలక్ట్రానిక్ పరికరం అని నిర్వచించి, నికోటిన్ ఉన్నా లేకున్నా తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం, నిల్వలను నిషేధించింది. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో కోట్పా సవరణ ద్వారా హుక్కా కేంద్రాలను నిషేధించింది. అక్కడ నేరమైంది హుక్కా పాత్ర కాదు, దానితో నడిపే వ్యాపారం. గుజరాత్ ప్రభుత్వం 2025 డిసెంబరులో చుట్టే కాగితాలు, కోన్‌ల అమ్మకాన్నే నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందుకు ఎంచుకున్నది పాత 144వ సెక్షన్‌కు వారసురాలైన 163వ సెక్షన్. అత్యవసర పరిస్థితుల కోసం ఉద్దేశించిన ఈ అధికారంతో ఇచ్చే ఉత్తర్వులకు కాలపరిమితి ఉంటుంది. కాగితాన్ని నియంత్రించాలన్నదే మన ప్రభుత్వ ఉద్దేశమైతే, సభలో చర్చించి, కోట్పా షెడ్యూలులో ఒక పంక్తి చేర్చడం మేలు. ఉత్తర్వుల కంటే అది నిలుస్తుంది, చిరువ్యాపారికీ స్పష్టత వస్తుంది.

అమెరికాలో మేజోడు కేసు

ఉస్మానియాలో డిగ్రీ పుచ్చుకుని అమెరికా విమానం ఎక్కే విద్యార్థులు మరో విషయం గుర్తుంచుకోవాలి. ఇక్కడ లేని నిర్వచనం అక్కడ ఉంది. మత్తుమందు తయారీకి, దాచడానికి, వాడటానికి ‘ప్రధానంగా ఉద్దేశించిన’ ఏ వస్తువైనా సామగ్రేనని వారి ఫెడరల్ చట్టం అంటుంది. నీటి గొట్టాలు, చిట్టి చెంచాలు సహా పెద్ద జాబితానే ఇచ్చింది. వాటిని అమ్మినా, టపాలో పంపినా, దిగుమతి చేసినా మూడేళ్ల వరకు జైలు. సంప్రదాయంగా పొగాకుకు వాడే గొట్టాలు, కాగితాలకు మాత్రం మినహాయింపు ఉంది. అనేక రాష్ట్రాల చట్టాలు ఇంకో అడుగు ముందుకేసి, దగ్గర ఉంచుకోవడాన్నీ నేరం చేశాయి.

ఇది ఎంతదూరం పోగలదో ఒక ట్యునీషియా యువకుడి ఉదంతం చెబుతుంది. విద్యార్థి వీసాపై వెళ్లి, పట్టాలు సాధించి, శాశ్వత నివాసం పొందిన అతడు కాన్సాస్ రాష్ట్రంలో మేజోడులో నాలుగు మాత్రలు దాచుకుని పట్టుబడ్డాడు. అతడు ఒప్పుకున్న నేరం సామగ్రి కలిగి ఉండటం. ఆ సామగ్రి మరేదో కాదు, కాలికున్న మేజోడే! దాని ఆధారంగా అతడిని దేశం నుంచి పంపేశారు. ఆ బహిష్కరణ చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పేనాటికి అతడు వెళ్లిపోయి మూడేళ్లు. నిర్వచనం విస్తరిస్తే మేజోడు కూడా ముద్దాయి అవుతుంది.

మరో కోణమూ ఉంది. సూదుల ద్వారా మత్తుమందు తీసుకునేవారికి హెచ్ఐవీ సోకకుండా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కొత్త సిరంజిలు పంచే కార్యక్రమం మన దేశంలో నడుస్తోంది. సిరంజినే నేరంగా నిర్వచించి ఉంటే ఇది ఆరంభంలోనే ఆగేది. అమెరికాలో ఇదే సమస్య ఎదురై, ఫెంటనిల్‌ను గుర్తించే పరీక్షా పట్టీలను సామగ్రి నిర్వచనం నుంచి తొలగించేందుకు అనేక రాష్ట్రాలు చట్టాలను సవరించుకోవాల్సి వచ్చింది. మన చట్టం మౌనంగా ఉండటం కొంత మేలే చేసిందని చెప్పక తప్పదు.

అద్దెకిచ్చేవారు.. కన్నవారు

గదులు అద్దెకిచ్చేవారికి 25వ సెక్షన్ ముఖ్యం. తన ఇల్లు, గది, వాహనం నేరానికి వాడుతున్నారని తెలిసీ అనుమతిస్తే, ఆ నేరానికి ఉన్న శిక్షే యజమానికీ పడుతుంది. తెలియకపోతే పడదు. కుర్రవాళ్ల గది ఊడుస్తుండగా కాగితాల కట్ట కనిపించినంత మాత్రాన యజమానికి ‘తెలిసినట్టు’ కాదు. పొట్లాలు చేతులు మారుతుంటే చూసి ఊరుకోవడం వేరు. ఆటో, ద్విచక్ర వాహనం పట్టుబడ్డ యజమానులకు ఇటీవల కొంత ఊరట లభించింది. ఎన్‌డీపీఎస్ కేసులోనైనా వాహనాన్ని విచారణ ముగియకముందే షరతులపై విడుదల చేయవచ్చని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తీర్పునిచ్చింది. ఏళ్ల తరబడి ఠాణా ఆవరణలో తుప్పు పట్టే బండ్లను చూసినవారికి దీని విలువ తెలుసు.

పిల్లల పుస్తకాల సంచిలో చిలుం కనిపించిన తల్లిదండ్రులకు పోలీసు కేసు ఒక్కటే దారి కాదు. 64ఎ సెక్షన్ కింద, వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంత తానుగా ముందుకొచ్చి, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన వైద్యశాలలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు లభిస్తుంది. నగరంలో ఎర్రగడ్డ మానసిక వైద్యాలయంలో చికిత్స సదుపాయం ఉంది. సలహా కోసం జాతీయ సహాయ కేంద్రం 1933 నంబరుకు ఫోన్ చేయవచ్చు. చికిత్సను మధ్యలో మానేస్తే మాత్రం ఆ మినహాయింపును రద్దు చేసే అవకాశం చట్టంలోనే ఉంది.