ఎర ఏదైతేనేమి అనేవారికి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. కల్లాలలో మిరపకాయలు ఆరుతున్నాయి. డాలస్‌లో స్థిరపడిన నా పూర్వశిష్యుడొకడు మొన్న ఇంటికి వచ్చి ఒక చిన్న పెట్టె తెరచి చూపాడు. అందులో ఈకలతో, నూలుతో కట్టిన పురుగుల బొమ్మలు. ఒక్కొక్కదానిలో ఒక గాలపు ముల్లు. వసంతారంభంలో అక్కడి చెరువులలో బ్లూగిల్, బాస్ చేపలను వీటితో పడతారట. ప్రక్కనే ఉన్న మిత్రులొకరు నవ్వి, "ఆకలేస్తే చేప ఏదైనా మింగుతుంది. ఎర ఏదైతేనేమండీ, అంతా అదృష్టం!" అన్నారు.

ఈ మాటను నేను అంగీకరించను.

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది. నీరు చల్లగా ఉన్నంతకాలం దాని కదలిక మందం. ఆహారాన్ని తరిమి పట్టదు. అందుకే ఆ ఋతువులో వాళ్ళు పైన తేలే బొమ్మను కాక, నీటిలో మెల్లగా దిగే చిన్న బొమ్మను ఎన్నుకుంటారు. తూనీగ వంటివి రెక్కలు రాకముందు నీటి అడుగున పాకే రూపానికి అది అనుకరణ. బాస్‌కు మాత్రం చిన్నచేపను పోలిన పెద్ద బొమ్మ, అదీ నెమ్మదిగా లాగాలి. ఎండ తగిలి ముందుగా వేడెక్కే లోతులేని అంచున వెయ్యాలి. ఇందులో అదృష్టమెక్కడిది?

ఇది దొరల విద్య అని కొట్టిపారేయనక్కరలేదు. మదరాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ 1887లో మన దేశపు చెరువులలో గాలం వేయడం గురించే ఒక పుస్తకం ప్రచురించాడు. మన పశులకాపరి పిల్లలకూ ఇది తెలుసు. పరిగె నోరు చిన్నది, దానికి వానపాము తుంట చాలు. కొర్రమీను వేటకత్తె, దానికి కదిలే పరిగె పిల్ల కావాలి, తొలకరి తరువాతనైతే కప్పపిల్ల. గట్టున కూర్చుని చూసినవాడికే ఆ వివేకం అబ్బుతుంది.

"ఎర ఏదైతేనేమి" అన్నవాడికి చూడవలసిన పని లేదు. బుట్ట నిండితే చాలు. ఆ తర్కం చివరికి ఎక్కడికి పోతుందో మన పల్లెలలో చూశాం: పురుగుమందు డబ్బా చెరువులో వంపి, వెల్లకిలా తేలిన చేపలను ఏరుకోవడం! ఎండోసల్ఫాన్ చేపలకు ఎంతటి విషమో తెలిసీ అది చేశారు. దానిని 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. వంపే చేతులను ఎవరు నిషేధిస్తారు? దాన్ని కూడా "చేపలు పట్టడం" అంటుంటే భాషోపాధ్యాయుడిగా నాకు ఒళ్ళు మండుతుంది.

పొలంలో మందు కొట్టే రైతును నేను ఆ గాటకట్టను. 1987లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను ఊడ్చేసింది. అతనిది భయం. కానీ ఆ మందు వానకు కొట్టుకొని కాలువలో చేరితే, చేపకంటే ముందు చేప తినే పురుగే చస్తుంది. ఇక ఎరను ఎన్నుకోవడానికి ఏముంటుంది?

శిష్యుడు బొమ్మలు ప్రక్కనబెట్టి, "మాస్టారూ, మన వానపాముతోనే వేద్దాం" అన్నాడు. మిరపచేని గట్టున అరగంట తవ్వాం. ఒక్కటీ కనబడలేదు. చివరకు మా ఎదురింటి వారి గొడ్లచావిడి వెనుక, పేడదిబ్బ అడుగున నాలుగు దొరికాయి.