ఇస్త్రీ టికెట్ నాకే అసైన్ అయింది

మా ఇంట్లో వారానికి 26 బట్టలు ఇస్త్రీకి వస్తాయి. ఉజ్జాయింపుగా చెప్పట్లేదు, నాలుగు వారాలు ఫోన్‌లో నోట్ చేసుకుని మరీ చెప్తున్నా. చీరలు 5, జాకెట్లు 5, పాప యూనిఫాం ముక్కలు 10, నా చొక్కాలు 3, ప్యాంట్లు 3. బెడ్‌షీట్లు, టీషర్టులు, జీన్స్ ఈ లెక్కలో లేవు. వాటిని కూడా ఇస్త్రీ చేసే ఇళ్లు ఉన్నాయట. వాళ్లకో దండం.

2024 అక్టోబర్ దాకా ఈ లెక్కల అవసరమే లేదు. నేను ఆఫీసుకి టీషర్ట్ మీద వెళ్లినా అడిగేవాడు లేడు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో చేసేది, ఉతికి ఆరేస్తే చాలనిపించే కుర్తీలు వేసుకునేది. ఆ ఏడాది డీఎస్సీలో తనకి గవర్నమెంట్ టీచర్ ఉద్యోగం వచ్చింది. మేం ఉండేది బీరంగూడలో. స్కూలు సదాశివపేట దాటాక ఓ ఊళ్లో. పొద్దున 7.10కి కమాన్ దగ్గర బస్సెక్కాలి. చీరే కట్టుకు రావాలని తనకెవరూ చెప్పలేదు. తనే కడతానంది. అదీ నూలు చీరలు. నారాయణపేట, మంగళగిరి, పోచంపల్లి. "హైస్కూలు పిల్లలు, నాకంటే పొడుగున్నవాళ్లు కూడా ఉన్నారు. క్లాసులో అడుగుపెట్టగానే టీచర్ అనిపించాలి" అంది. దానికి నా దగ్గర ఆర్గ్యుమెంట్ లేదు.

ఉతికిన నూలు చీర చూశారా ఎప్పుడైనా? బకెట్లోంచి తీసిన తాడులా ఉంటుంది. నూలులో ఉండేది సెల్యులోజ్. దాని గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. నీళ్లు తగిలితే ఆ బంధాలు తెగుతాయి, ఆరేటప్పుడు బట్ట ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ కుదురుకుంటాయి. నలిగి ఆరితే నలిగినట్టే. ఇస్త్రీ పెట్టె చేసేది ఇదే పని, కాకపోతే మనం చెప్పినట్టు. వేడి, కాస్త తడి, పైన బరువు. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన హైడ్రోజన్ బంధం నా జీవితంలో ఇన్నాళ్లకి పనికొచ్చింది. ఎంసెట్ కోచింగ్ సార్‌కి ఫోన్ చేసి చెప్పాలి.

ఉద్యోగం వచ్చిన వారమే ఇద్దరం కూర్చుని పనులు పంచుకున్నాం. 5 గంటలకి లేచి 7.10 బస్సు కోసం గడప దాటే మనిషి వంట, టిఫిను, తన తయారీ చూసుకోవడమే గొప్ప. పాప స్నానం, జడలు, స్కూల్ వ్యాన్ ఎక్కించడం నాకు. గిన్నెలు నాకు. ఇస్త్రీ అని రాయగానే ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. "బయట ఇచ్చేద్దాం" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఇచ్చాం. మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇస్త్రీ బండి ఉంది. జాకెట్‌కైనా చొక్కాకైనా ముక్కకి 10, చీరకి 50. లెక్కేస్తే వారానికి 460. నెలకి దాదాపు 2 వేలు. పాప వ్యాన్ ఫీజు, ఇంటి ఈఎంఐ పక్కన పెట్టి చూస్తే అదేం కొండంత డబ్బు కాదు, అలాగని చిల్లరా కాదు. ఇంట్లో చేస్తే ఎంతవుతుంది? మా పెట్టె 1000 వాట్లది. గంటసేపు ఆగకుండా కాలితే ఒక యూనిట్. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి నిజానికి అంత కూడా కాలదు. వారం మొత్తానికి కరెంటు ఖర్చు ఓ చాయ్, సమోసా అంతే.

మరి అసలు ఖర్చేంటి అంటే టైం. చీరకి 12 నిమిషాలు, జాకెట్‌కి 4, యూనిఫాం ముక్కకి 4, నా చొక్కాకైనా ప్యాంటుకైనా 6. మొత్తం 156 నిమిషాలు. రెండున్నర గంటల పైనే. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ నాలుగేళ్ల పిల్లని పెంచేవాళ్ల వారంలో ఖాళీ రెండున్నర గంటలు ఎక్కడున్నాయో చూపిస్తే నేనూ చూస్తాను.

మొదట ఆదివారం మొత్తం బ్యాచ్‌లో చేసేద్దామని ట్రై చేశా. సాఫ్ట్‌వేర్ బుర్ర కదా. మధ్యాహ్నం 2కి మొదలుపెడితే నాలుగున్నర దాటేది. పార్కుకి వెళ్దామని పాప చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉండేది. పైగా వేడి పెట్టె, వేలాడే వైరు, చుట్టూ తిరిగే నాలుగేళ్ల పిల్ల. ఈ మూడూ ఒక గదిలో ఉండకూడదు. రెండే వారాలకి ఆ ప్లాన్ ఎత్తేశా. ఏ రోజుది ఆ రోజు పొద్దున్నే చేద్దామంటే, 6.40కి కరెంటు పోయిన రోజు ఆ ఇంట్లో మీరు ఉండాలనుకోరు.

ఇప్పుడు నడుస్తున్నది వేరు. పాప 9.15కి పడుకుంటుంది. 9.30కి డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరుస్తా. వారానికి మూడు రాత్రులు, ఒక్కోసారి అరగంట, అంతకు మించి కాదు. అరగంట అవ్వగానే ఏం మిగిలినా స్విచ్ ఆఫ్. అంటే వారానికి 90 నిమిషాలు. 156ని 90లో ఎలా పట్టించామన్నదే అసలు కథ.

సగం పని వాషింగ్ మెషీన్ దగ్గరే తగ్గింది. స్పిన్ 1200 మీద పెడితే బట్టలు త్వరగా ఆరతాయి కానీ ఆ పిండుడికి పడే ముడతలు మొండివి. నూలు బట్టలకి 600కి దించాం. మెషీన్ ఆగగానే తీసి, గట్టిగా రెండు సార్లు దులిపి, చొక్కాలూ యూనిఫాంలూ తీగ మీద కాకుండా హ్యాంగర్‌కే ఆరేస్తాం. లోపల రెండు గంటలు మర్చిపోయామా, ఇక అంతే. పాప యూనిఫాం పాలిస్టర్ కలిసిన బట్ట, ఇలా ఆరేస్తే కాలర్ మీద ఒక్కసారి పెట్టె నడిపితే చాలు. 40 నిమిషాల పని పావుగంటకి వచ్చింది.

రెండోది వరస. ఇస్త్రీ పెట్టె త్వరగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. అందుకని తక్కువ వేడి బట్టలు ముందు, ఎక్కువ వేడివి తర్వాత. బట్టల లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలు ఉంటాయి చూడండి. ఒక చుక్క అంటే 110 డిగ్రీల వరకు, నైలాన్ లాంటివాటికి. రెండు చుక్కలు 150, పట్టు, ఉన్ని, పాలిస్టర్‌కి. మూడు చుక్కలు 200, నూలుకి, లినెన్‌కి. యూనిఫాంతో మొదలెట్టి నూలు చీరతో ముగిస్తే మధ్యలో పెట్టె చల్లారడం కోసం ఎదురుచూసే పని లేదు. స్విచ్ ఆపాక మిగిలిన వేడికి రెండు కర్చీఫులు ఫ్రీ.

చీర గురించి మాత్రం కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే యూట్యూబ్‌లో చూసి నేర్చుకునే పని కాదది. పూర్తిగా ఆరనివ్వకూడదు, చేత్తో పట్టుకుంటే చల్లగా తగలాలి. ఆరిపోతే నీళ్లు చిలకరించి, చుట్ట చుట్టి పది నిమిషాలు వదిలేయాలి. తర్వాత పొడవునా మధ్యకి మడిచి అంచూ అంచూ కలపాలి. ముందు అంచులు చేయాలి, తర్వాత మధ్య. రివర్స్‌లో చేస్తే అంచు దగ్గర గుడ్డ పోగుపడి నవ్వుతుంది. ముదురు రంగుకి తిరగేసి చేయాలి, లేదంటే మెరుపు మచ్చలు పడతాయి. జరీ మీద పల్చటి గుడ్డ వేసి దాని మీద నుంచే. పెట్టెని బట్ట మీద తోయక్కర్లేదు, బరువు దానికే ఉంది, నడిపిస్తే చాలు.

ఇదంతా చెప్పింది గేటు దగ్గర బండి అన్నే. గిరాకీ పోతుందని దాచుకోలేదు. "చీర రాదు సార్ మీకు, చొక్కాల్ చేస్కోండి" అన్నాడు ముందు. వారం తర్వాత ఒక చీర తెచ్చి చూపిస్తే కుచ్చిళ్ల దగ్గర పట్టుకుని చూసి, "పర్వాలే, బతుకుతరు" అన్నాడు. గంజి పెట్టిన చీరలు రెండు మాత్రం వారం వారం ఆయనకే ఇస్తాం. ఆ బిగువు మా 1000 వాట్ల పెట్టెకి రాదు. ఆయనది గ్యాస్ పెట్టె, మాదానికంటే ఎన్నో రెట్లు బరువు. అంతకుముందు బొగ్గులది వాడేవాడట. పొద్దున రాజేయడానికే అరగంట పోయేదట, నిప్పురవ్వ పడి ఒక పెళ్లి చీర కాలితే కట్టించుకున్నారట. తెలంగాణలో లాండ్రీలకి, ధోబీఘాట్లకి 2021 ఏప్రిల్ నుంచి నెలకి 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు స్కీం ఉంది. అడిగితే నవ్వాడు. "షాపు ఉండాలె, మీటర్ ఉండాలె. నాది బండి కదా సార్." ఆయన, ఆయన భార్య మార్చి మార్చి నిలబడతారు. ఉదయం 8 నుంచి రాత్రి 9 దాకా. 2020 లాక్‌డౌన్‌లో, ఆ తర్వాత మా ఐటీ వాళ్లం ఇళ్లల్లో నిక్కర్ల మీద మీటింగులు చేసిన రోజుల్లో, కూరగాయలు అమ్మారట. మనం ఆఫీసుకి రమ్మంటే గునిసిన హైబ్రిడ్ పాలసీ మీద ఒకింటి పొయ్యి ఆధారపడి ఉందని నాకప్పటిదాకా తట్టలేదు.

ఇస్త్రీ మానేస్తే పోలా అని కూడా మీలో కొందరు అంటారని తెలుసు. 2024 మేలో సీఎస్ఐఆర్‌లో ఇలాంటి ప్రచారమే వార్తల్లోకి వచ్చింది. సోమవారాలు ఇస్త్రీ లేని బట్టలు వేసుకుందాం, ఒక జత ఇస్త్రీకి 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది అని. మన హైదరాబాద్‌లోని ఐఐసీటీ, సీసీఎంబీ ఆ సంస్థ కింద ఉన్న ల్యాబులే. ఐడియా నాకు నచ్చింది. నా చొక్కాలు మూడు వారానికి ఒకటికి దించేశాను, మిగతా రోజులు టీషర్టే. సైంటిస్టు నలిగిన చొక్కా వేసుకుంటే పర్యావరణం అంటారు, నేను వేసుకుంటే టెకీ అంటారు. మా ఆవిడ ఆ మాట విని అంది, "ఆడ టీచర్ నలిగిన చీర కట్టుకెళ్తే ఏమంటారో తెలుసా? ఇంట్లో ఏదో గొడవంటారు."

అక్కడ ఆగిపోయాను. ముడతలకి అర్థం మనిషిని బట్టి మారుతుంది. తన క్లాసులో ఒకమ్మాయి ఉందట. గవర్నమెంట్ ఇచ్చిన రెండు జతల యూనిఫాం, అయినా రోజూ మడత నలగకుండా వస్తుంది. ఎలా అని అడిగితే, రాత్రి తడి చేత్తో సర్ది పరుపు కింద పెట్టి దాని మీద పడుకుంటానని చెప్పిందట. చెల్లి కదలకుండా పడుకోవాలి టీచర్, అదే కష్టం అందట.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్. ఖాకీ బట్టలు. అమ్మ రాత్రి వంటయ్యాక కట్టెల పొయ్యిలో నిప్పులు ఇత్తడి పెట్టెలోకి తీసి, అడుగుని అరటాకు మీద రుద్ది, చాప మీద కూర్చుని చేసేది. ముప్పై ఏళ్లు చేసింది. మొన్న సంక్రాంతి తర్వాత మా దగ్గరికి వచ్చి, నేను రాత్రి కోడలి చీర ఇస్త్రీ చేస్తుంటే చూసి, "నీకేం ఖర్మరా" అంది. పక్క ఫ్లాట్ ఆంటీ ఇంకో రకం. "నువ్వు చాలా లక్కీ అమ్మా" అని మా ఆవిడతో. తను నవ్వి ఊరుకుంది. ఆంటీ వెళ్లాక అమ్మనే అడిగింది, "అత్తయ్యా, మామయ్యని ఎవరైనా లక్కీ అన్నారా ఎప్పుడైనా?" అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి, "అంచు ముందు చెయ్యరా, అట్లా కాదు" అని నా చేతిలోంచి పెట్టె తీసుకోబోయింది. ఇవ్వలేదు. చూస్తూ కూర్చుంది.

ఆ అరగంటలో నేను పెట్టె నడుపుతుంటే మా ఆవిడ ఎదురుగా నోట్సులు దిద్దుతుంది. ఫోన్లు ఇద్దరివీ పక్క గదిలో. రెండు చేతులూ పనిలో ఉంటే స్క్రోల్ చేయలేం కదా. స్కూల్లో ఎవరు ఏమన్నారు, నా మేనేజర్ ఎందుకు అలా ఉన్నాడు, పాపకి వచ్చే ఏడు స్కూలు మార్చాలా, అమ్మ మోకాలికి ఏ డాక్టర్. ముఖ్యమైన మాటలన్నీ థర్మోస్టాట్ టిక్ టిక్ మధ్యలోనే జరుగుతున్నాయి. మహాలక్ష్మి వచ్చాక ఆ టైంలో బస్సు కిటకిట. పటాన్‌చెరు దాటేసరికి నేను చేసిన చీర సగం నలిగిపోతుందని తనే చెప్పింది. "మరి ఎందుకు ఇంత కష్టం?" అన్నాను. "మిగతా సగం ఉంటుంది కదా" అంది.

చిన్న పిల్లలున్న ఇళ్లకి మాత్రం ఒక్క మాట. స్విచ్ ఆపాక పెట్టె చాలాసేపు కాలుతూనే ఉంటుంది, ఎర్ర లైటు ఆరిపోయింది కదా అని నమ్మొద్దు. మేం వైరు చుట్టకుండా వంటింటి గట్టు మీద, గోడ వైపు జరిపి నిలబెట్టి, పొద్దున లోపల పెడతాం. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి చేయొద్దు. త్రీపిన్ ప్లగ్‌ని టూపిన్ అడాప్టర్‌లో దూర్చొద్దు, ఆ మూడో పిన్ను ఎర్తింగ్ కోసమే.

జూన్‌లో పాప యూకేజీ. స్కూలు వాళ్లు యూనిఫాం మార్చారు. తెల్ల చొక్కా, నీలం ప్లీట్స్ స్కర్టు. నిన్న తెచ్చాం. కవర్లోంచి తీసి ప్లీట్లు లెక్కపెట్టాను, 22. కిందికి తీసుకెళ్లి బండి అన్నకి చూపించి, ముక్కకి 10 అనే కదా అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి మడిచి నా చేతికే ఇచ్చేశాడు.

"చీర నేర్పిన కద సార్. ఇది కూడా మీరే చేస్కోండి."