నర్సు చదివాక మళ్ళీ నర్సు చదువేమిటి?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మైపాడు వైపు నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం నన్ను రెండు రోజులు వదల్లేదు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. సంగతి ఇదీ. వాళ్ళది రొయ్యల గుంటల్ని నమ్ముకున్న సంసారం. ఒక పంట చేతికొస్తే ఇంకో పంట తెగులుకి పోతుంది. అలాంటి ఇంట్లో అప్పు చేసి పెద్దమ్మాయిని బి.ఎస్సి. నర్సింగ్ చదివించారు. ఆ పిల్ల రెండేళ్ళుగా నెల్లూరులో ఒక ఆసుపత్రి ఐ.సి.యు.లో పని చేస్తోంది. ఇప్పుడేమో ఉద్యోగం మానేసి ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’ అనే రెండేళ్ళ కోర్సులో చేరతానంటోంది. ఇంకోపక్క మంచి సంబంధం వచ్చింది. “నర్సు చదివాక మళ్ళీ నర్సు చదువేమిటమ్మా? డాక్టరవుతావా అంటే కాదంటుంది. పంపమంటారా, పెళ్ళి చెయ్యమంటారా?” అని అడిగారు.

అమ్మా, మీ అనుమానం సబబైనదే. ముందు ఆ చదువేమిటో తెలుసుకుందాం. పెళ్ళి సంగతి తర్వాత.

నర్స్ ప్రాక్టీషనర్ అన్న మాట పుట్టింది అమెరికాలో. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఈ శిక్షణ మొదలుపెట్టారు. డాక్టరు అందని చోట పిల్లల్ని పరీక్షించి, ఏం చెయ్యాలో తేల్చుకోగల నర్సుల్ని తయారుచేయడం వాళ్ళ ఉద్దేశం. తర్వాత అదే పద్ధతి పెద్దాసుపత్రుల ఐ.సి.యు.ల దాకా వెళ్ళింది. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఈ క్రిటికల్ కేర్ కోర్సుకి పాఠ్యప్రణాళిక తయారుచేసింది. 2016-17 ప్రాంతంలో ఇది మొదలైంది. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానంలో కూడా నర్స్ ప్రాక్టీషనర్లు కావాలని రాశారు.

ఇది పి.జి. స్థాయి చదువే గానీ, మామూలు ఎం.ఎస్సి. నర్సింగ్ లాంటిది కాదు. దీన్ని రెసిడెన్సీ అంటారు. అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూనే చదవాలి. నూటికి ఇరవై పాళ్ళు పాఠమైతే ఎనభై పాళ్ళు రోగి మంచం పక్కనే. బి.ఎస్సి. నర్సింగ్ పాసై, రిజిస్టరై, కనీసం ఒక ఏడాది పని చేసినవాళ్ళనే తీసుకుంటారు. ఆ ఏడాదీ ఐ.సి.యు.లో అయితే మరీ మంచిది. మీ అమ్మాయికి ఆ అర్హత ఇప్పటికే ఉంది.

మొదటి ఏడాది శరీరంలో జబ్బు ఎలా నడుస్తుందో, మందులు ఎలా పని చేస్తాయో, రోగిని తల నుంచి కాలి వరకు ఎలా పరీక్షించాలో లోతుగా చెబుతారు. రెండో ఏడాది పూర్తిగా ఐ.సి.యు. రోగుల మీదే. ఇ.సి.జి. చదవడం, రక్తంలోని వాయువుల రిపోర్టు చూసి వెంటిలేటర్ ఎలా ఉందో చెప్పడం, రోగిని వెంటిలేటర్ నుంచి మెల్లగా తప్పించడం వగైరా. మన చేపల పులుసు సంగతి చూడండి. ముక్కలు వేశాక గరిటె పెట్టం, గుడ్డతో గిన్నె పట్టుకుని తిప్పుతాం. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ముట్టకూడదో పుస్తకం చదివితే రాదు, అమ్మ పక్కన నిలబడితేనే వస్తుంది. ఇదీ అలాంటి చదువే.

ఇదంతా నర్సుకెందుకు, డాక్టర్లు లేరా అంటారేమో. నా సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా అత్తగారికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి ఒక ఆసుపత్రిలో చేర్చాం. రాత్రి రెండు గంటలప్పుడు ఆవిడ కళ్ళు తెరిచి మాట్లాడుతూనే ఉన్నారు. బి.పి. కూడా మరీ పడిపోలేదు. నేను నిశ్చింతగా కునుకు తీస్తున్నాను. డ్యూటీలో ఉన్న నర్సమ్మాయి మాత్రం నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టింది. సాయంత్రం 18 ఉన్నది 28 అయింది. అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నారు. వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి, “ఎందుకో బాగాలేదు సార్” అనకుండా, అంకెలన్నీ వరసగా చెప్పింది. పది నిమిషాల్లో రక్తం తీశారు, సెలైన్, యాంటిబయాటిక్ పెట్టారు. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకేటప్పుడు చాలామందిలో బి.పి. పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుందని, అక్కడ ప్రతి గంటా విలువైనదేనని తర్వాత డాక్టరుగారు చెప్పారు. నాలుగో రోజు మా అత్తగారు వార్డుకి వచ్చి, కాఫీలో పంచదార తక్కువైందని నన్ను కోప్పడ్డారు!

ఆ అమ్మాయికి ఏ పి.జి.యూ లేదు. అనుభవంతో పట్టుకుంది. ఆ రాత్రి ఆ అమ్మాయి కాక కొత్తగా చేరిన పిల్ల డ్యూటీలో ఉంటే? మన అదృష్టం మీద వదిలేయకుండా, ఆ చూపుని నేర్పి అప్పగించడానికే ఈ కోర్సు. మన తీరం పాలేల్లో గుండెనొప్పో, పాము కాటో, పురుగుమందు తాగిన కేసో వస్తే నెల్లూరు చేరడానికే ఎంత సమయం పడుతుందో మీకు తెలుసు. 2005లో 108 వచ్చాక దారి కొంత సులువైంది. చేరాక మంచం పక్కన ఎవరున్నారన్నది మిగతా సగం.

ఇక చేదు నిజాలు కూడా చెప్పాలి. లేకపోతే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను.

ఈ చదువు చదివితే మీ అమ్మాయి డాక్టరు కాదు. సొంతంగా బోర్డు పెట్టుకోవడానికి లేదు. ఆసుపత్రి రాసిపెట్టిన పద్ధతుల ప్రకారం, డాక్టర్ల బృందంలో ఒకతెగా, మామూలు నర్సు కంటే ఎక్కువ బాధ్యత తీసుకుంటుంది. రెండోది, చాలా ఆసుపత్రుల్లో ఈ పేరుతో వేరే పోస్టు, వేరే జీతం ఇంకా లేవు. కొన్నిచోట్ల పట్టా తెచ్చుకున్నా పాత పనే, పాత జీతమే. మూడోది, ఇది చదివితే అమెరికాలో నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ అయిపోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ ముందు ఎన్‌క్లెక్స్ పాసై నర్సుగా లైసెన్సు తెచ్చుకోవాలి. ఆపైన అక్కడి గుర్తింపు ఉన్న కోర్సే చదివి, అక్కడి పరీక్షే రాయాలి. ఇక్కడి అనుభవం పనికొస్తుంది గానీ పట్టా నేరుగా చెల్లదు.

అందుకని డబ్బు కట్టేముందు మీరూ, అమ్మాయీ కలిసి కాలేజీకి వెళ్ళి ఇవి అడగండి:

1. ఈ కోర్సుకే గుర్తింపు ఉందా, లేక కాలేజీకి మాత్రమేనా? రెండూ ఒకటి కాదు. కాగితం చూపించమనండి. 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది కాబట్టి, గుర్తింపు ఏ సంస్థ ఇచ్చిందో, ఏ యూనివర్సిటీ పట్టా ఇస్తుందో కూడా అడగండి.

2. సొంత ఆసుపత్రి ఉందా? ఐ.సి.యు.లో మంచాలెన్ని, రోగులెందరు? ఖాళీ మంచాల పక్కన ఎనభై పాళ్ళ చదువు ఎలా వస్తుంది?

3. రెండేళ్ళూ స్టైపెండ్ ఇస్తారా? ఎంత? రాసిస్తారా?

4. నేర్పేదెవరు? ఐ.సి.యు. డాక్టర్లు పాఠం చెబుతారా, లేక డ్యూటీ చేయించుకుని వదిలేస్తారా? ఇంతకుముందు చదివిన అమ్మాయిల్ని విడిగా కలిసి కనుక్కోండి.

5. ఇప్పుడు పని చేస్తున్న ఆసుపత్రి వాళ్ళని కూడా, “చదివొస్తే ఏ పోస్టు ఇస్తారు?” అని అడగమనండి.

ఈ జవాబులు బాగుంటే పంపండి. బాగాలేకపోతే ఇంకో ఏడాది ఐ.సి.యు.లోనే పని చేసి, మంచి కాలేజీ చూసుకోమనండి. గుంట మీద ఇంకో అప్పు చేసి మాత్రం గుర్తింపు లేని చోట చేర్చకండి.

ఇక సంబంధం మాట. మంచి సంబంధమంటున్నారు కదా, అయితే వాళ్ళతో దాపరికం లేకుండా చెప్పండి: “మా పిల్లకి నైట్ డ్యూటీలుంటాయి, రెండేళ్ళు చదువుంది.” ఆ మాటకే వెనక్కి పోయే సంబంధమైతే, పెళ్ళయ్యాక ఎన్నో నైట్ డ్యూటీ దగ్గర గొడవ మొదలయ్యేదో! ఆగుతామంటే అంతకంటే కావలసిందేముంది? నిశ్చితార్థం చేసుకుని చదివించవచ్చు.

మీ ఉత్తరంలో చివర ఒక వాక్యం రాశారు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అమ్మాయి అన్నం ముందు కూర్చుని, “అమ్మా, ఇవాళ నాకింకొంచెం తెలిసుంటే ఆ పెద్దాయన బతికేవాడేమో” అని ఏడ్చిందన్నారు. ఆ పిల్ల ఎందుకు చదవాలనుకుంటోందో మీకు ఆ మాటలోనే తెలుస్తోంది. పక్కన కూర్చోబెట్టుకుని ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాయించండి. ఏం తేలిందో నాకు రాయడం మరిచిపోకండేం!